మోడు కొట్టి పెంచిన కాగితం పూల బోన్సాయ్: విజయవాడ డాబా మీద చాలా ఏళ్ళ అనుభవం

ముందే చెప్పేస్తాను. విజయవాడ, గుంటూరు ఎండల్లో డాబా మీద పూల బోన్సాయ్ పెంచాలంటే కాగితం పూల మొక్కని మించింది లేదు, బోగన్‌విల్లా అంటామే అదే. అదీ నర్సరీ నుంచి వేలెడు మొక్క తెచ్చుకుని లావెక్కేదాకా ఎదురుచూడటం కాదు, బాగా లావైన ముసలి మొక్కని మొదలు దాకా కొట్టేసి, ఆ మోడు మీద కొత్త కొమ్మలు పుట్టించి చెట్టుగా తయారుచెయ్యడం. పటమటలో మా డాబా మీద చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఇప్పుడున్న కుండీల్లో సగానికి పైగా అలా మోడు నుంచి వచ్చినవే. మంచీ చెడూ రెండూ రాస్తాను, ఎందుకంటే ఈ మొక్క గురించి "ఏం చేసినా చావదు" అని అందరూ చెప్తారు గానీ దీనికీ ఒక పెద్ద లోపం ఉంది.

ఇంత గట్టిగా కొట్టి పెంచే పద్ధతి అంటే బోన్సాయ్ వాళ్ళకి మొదట గుర్తొచ్చేది అజేలియా, చల్లటి చోట్ల పెరిగే పూల పొద. జపాన్‌లో సత్సుకి అనే రకం అజేలియాలని నేలలో ఏళ్ళ తరబడి పెంచి, మొదలు లావయ్యాక కొమ్మలన్నీ తీసేసి ఒట్టి మోడుగా నిలబెడతారు. ఆకు అన్నదే లేని ముదురు బెరడు మీద నుంచి చిగుళ్ళు తన్నుకొస్తాయి, వాటిలోంచి కావలసినవి ఉంచుకుని చెట్టు ఆకారం తెస్తారు. చూస్తే ఆశ పుడుతుంది, నిజమే. కానీ దానికి పుల్లటి, అంటే ఆమ్ల గుణమున్న మట్టి కావాలి, అక్కడ కనుమ (Kanuma) అనే ఊరి వైపు దొరికే పసుపుపచ్చ గుల్ల మట్టి వాడతారు. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, అవి పోస్తూపోతే అజేలియా వేళ్ళు ఇనుము తీసుకోలేక ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. పైగా మే నెల రాత్రులు కూడా మన దగ్గర చల్లబడవు. ఊటీ, డార్జిలింగ్ వైపు ఉన్నవాళ్ళు అజేలియా పెంచుకోవచ్చు, వాళ్ళ అదృష్టం. చలికాలంలో పూలతో ఉన్న అజేలియాలు మన నర్సరీల్లోనూ కనబడతాయి, చూసి మురిసిపోండి, బోన్సాయ్ చెయ్యాలని మాత్రం కొనకండి. మోడు నుంచి చిగురించే ఆ గుణం అచ్చంగా కాగితం పూల మొక్కలోనూ ఉంది, అదే బోరు నీళ్ళతో, అదే ఎండలో.

ఒక తేడా మాత్రం మనసులో పెట్టుకోవాలి. అజేలియాకి బలమంతా అడుగు కొమ్మల్లో ఉంటుంది, అందుకని కింద గట్టిగా, పైన తేలిగ్గా కత్తిరిస్తారు. మనది తీగ జాతి, బలమంతా కొసకి పరిగెడుతుంది. పైన గట్టిగా కొట్టాలి, కింద కొమ్మల్ని వదిలెయ్యాలి. అజేలియా వీడియోలు చూసి ఇక్కడ అదే చేస్తే అడుగు కొమ్మలు సన్నబడి ఎండిపోతాయి.

మొక్క ఎక్కడ దొరుకుతుంది అంటే, నా సమాధానం పాత ఇళ్ళు. మన రెండు ఊళ్ళలోనూ పాత ఇళ్ళన్నీ డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నారు, గేటు పక్కన ముప్ఫై నలభై ఏళ్ళ కాగితం పూల పొద జేసీబీ కిందకి పోతుంది. గుంటూరు బ్రాడీపేటలో అలాంటి ఒక ఇంటి మామ్మగారిని అడిగితే "కొట్టేశాక ఇంకేం బతుకుతుందయ్యా, మా ఆయన పెట్టిన మొక్క" అన్నారు. "బతుకుతుంది మామ్మగారూ, పూలు పూశాక ఫోటో పంపిస్తా" అని చెప్పి గునపంతో తవ్వి తెచ్చాను. మోకాలి ఎత్తున రంపంతో కోసి, వేళ్ళు జానెడు మాత్రం ఉంచి గోనె సంచిలో చుట్టి తీసుకొచ్చిన మొక్క అది. ఇప్పటికీ నా దగ్గరున్న వాటిలో మొదలు అందం దానిదే, నేలకి తగిలే చోట నాలుగు వైపులా వేళ్ళు పాకి ఉంటాయి. పూసినప్పుడల్లా మామ్మగారికి ఫోటో వెళ్తుంది.

నర్సరీ మొక్కలతోనూ చెయ్యొచ్చు, కడియం నుంచి లావు మోళ్ళు బోలెడు వస్తాయి. ఒక్కటి గమనించండి. ఒకే మోడు మీద మూడు నాలుగు రంగులు కనబడితే అవి అంటుకట్టినవి. అంటు కింద కొడితే పైనున్న రంగులన్నీ పోయి అడుగు మొక్క రంగు మాత్రమే వస్తుంది. రకాల విషయంలో నా ఓటు గ్లాబ్రా అనే చిన్న ఆకు ఊదా రంగు జాతికే. ఆకు చిన్నది, కణుపులు దగ్గర, పాత చెక్క మీద చిగురు తొందరగా. ఒకే చెట్టు మీద తెలుపూ గులాబీ రెండూ పూసే మేరీ పామర్ కూడా బాగుంటుంది గానీ ఆకు కాస్త పెద్దది. ముద్ద పూల మహారా రకాలు బోన్సాయ్‌కి నాకు నచ్చవు, వాడిపోయిన పూలు రాలకుండా గుత్తులు గుత్తులుగా అంటుకునే ఉంటాయి, కూర్చుని తుంచాలి. పూలు అంటున్నాం గానీ రంగున్నవి నిజానికి పూరేకులు కావు, పువ్వు చుట్టూ ఉండే ఆకులు. మధ్యలో సన్నగా గొట్టంలా తెల్లగా ఉండేదే పువ్వు. ఆ రంగు ఆకుల సైజు ఎంత కత్తిరించినా పెద్దగా తగ్గదు కాబట్టి అరచేతిలో పట్టే బుల్లి బోన్సాయ్‌కి ఇది సరిపోదు. రెండు అడుగులు, ఆపైన ఉన్న చెట్టుకే నిండుతనం వస్తుంది.

ఎప్పుడు కొట్టాలి? మన వైపు రెండు సమయాలు బాగా పనిచేశాయి. శివరాత్రి వెళ్ళి, చలికాలం పూత అయిపోయాక ఒకటి, ఎండ ముదిరేలోపు కొత్త కొమ్మ గట్టిపడుతుంది. తొలకరి పడ్డాక జూన్ చివర రెండోది. పూర్తి వానాకాలంలో, ముసురు పట్టినప్పుడు పెద్ద గాటు పెట్టకండి.

కొట్టేటప్పుడు మీకు కావలసిన ఎత్తు కంటే రెండు మూడు అంగుళాలు పైనే కొట్టండి. గాటు దగ్గర నుంచి కొంత చెక్క ఎలాగూ ఎండుతూ కిందకి దిగుతుంది, ఆ ఎండు ఎక్కడ ఆగిందో చూసుకుని మరుసటి ఏడు అక్కడికి ఏటవాలుగా కోస్తే నీళ్ళు నిలవవు. రెండు మూడు వారాలకి పాత ముళ్ళ మొదట్లో, పాత కణుపుల దగ్గర ఎర్రగా ఆవగింజంత బుడిపెలు లేస్తాయి. ఒక్కో చోట గుంపుగా ఐదారు వస్తాయి. అవి అర అంగుళం ఉన్నప్పుడే ఎటు తిరిగి ఉందో చూసి, లోపలికి తిరిగినవీ ఒకే చోట గుమిగూడినవీ బొటనవేలితో రుద్దేస్తే మచ్చ కూడా మిగలదు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన గంట ఇదే, చెట్టు భవిష్యత్తు ఆకారం అక్కడే తేలిపోతుంది.

తవ్వి తెచ్చిన మోడు అయితే చిగురు వచ్చింది కదా అని వేరు వచ్చేసిందనుకోకండి. మోడులో దాచుకున్న బలంతోనే మొదటి చిగురు వస్తుంది. అది జానెడు సాగి, కింది ఆకులు ముదిరి, కొస ఇంకా సాగుతూ ఉంటేనే కింద వేళ్ళు పట్టినట్టు. అప్పటిదాకా కుండీ కదపకూడదు, ఎరువు వెయ్యకూడదు, మట్టి పైపైన ఆరితేనే నీళ్ళు. దీని వేళ్ళు పెళుసు, కుండీ ఊగితే చాలు తెగిపోతాయి, అందుకే నేను మోడుని కుండీకి తీగతో బిగించి కడతాను.

ఇక లోపం సంగతి. కుళ్ళు. ఈ మొక్క కలప టేకు, వేప లాంటిది కాదు, గట్టి చెక్కా మెత్తటి పొరా ఒకదాని చుట్టూ ఒకటి పేరుకుంటూ పెరుగుతుంది. కోసిన చోట చేత్తో నొక్కి చూస్తే నీరు ఊరుతుంది. పెద్ద గాటు పైకి మూసుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోపు మెత్తటి పొరలు ముందు కుళ్ళి మధ్యలో గుల్ల పడుతుంది. చాలా చెట్లలో ఎండు చెక్క అందంగా చెక్కి ఉంచుకుంటాం కదా, దీనిలో ఆ చెక్క మన వానలకి నాలుగైదేళ్ళు కూడా ఆగదు. నేను గాటు పెట్టిన రోజే బోర్డో పేస్ట్ పూస్తాను. మన బత్తాయి, మామిడి తోటల్లో వాడేదే, వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం విడివిడిగా నీళ్ళలో కలిపి, రెండూ కలిపాక లీటరు అయ్యేలా చూసుకోవాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుప పాత్ర పనికిరాదు. ఏటా వానలకి ముందు మళ్ళీ పూత. గుల్ల పడిన చోట మెత్తటి చెక్కంతా గీకేసి, ఆరనిచ్చి, నీళ్ళు బయటికి జారేలా అడుగున చిన్న కంత పెడితే కుళ్ళు చాలావరకు ఆగుతుంది, పూర్తిగా మానదు. అంత శ్రద్ధ పెట్టలేనివాళ్ళు బొటనవేలి లావు మించిన గాటు పెట్టొద్దని చెప్తాను.

మట్టి గురించి రెండు మాటలు. నల్లరేగడి వద్దే వద్దు. పగలగొట్టి జల్లించిన ఇటుక ముక్కలు సగం, మిగతా సగం కృష్ణ ఇసుకలో ముతకది, చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో ఉండే మా స్నేహితుడి కుండీలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. నీళ్ళు తీశాక ఇటుక ముక్కల్లో ఉన్నవి ఆకు రాల్చి మళ్ళీ చిగురించాయి, నల్లమట్టిలో ఉన్నవి వేరుకుళ్ళుతో పోయాయి. నేను చెప్పి చెప్పి ఒప్పించలేని మాటని ఆ వరద ఒప్పించింది, కానీ అతను పోగొట్టుకున్న చెట్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొమ్మలు తయారు చెయ్యడంలో ఓపిక కావాలి. కొత్త కొమ్మ చిటికెనవేలు లావయ్యేదాకా కొస ముట్టుకోకూడదు, ఎంత పొడుగు సాగినా సరే, గోడ దాటిపోయినా సరే. లావు వచ్చాక రెండు కణుపులు ఉంచి కొట్టాలి. ఆ రెండిట్లోంచి వచ్చినవి మళ్ళీ సాగనివ్వాలి, మళ్ళీ కొట్టాలి. ఇలా చేస్తేనే మొదట్లో లావుగా, పోనుపోను సన్నగా అసలు చెట్టు కొమ్మలా కనబడుతుంది. ముదిరిన కొమ్మ వంచితే ఫట్‌మని విరుగుతుంది కాబట్టి అల్యూమినియం తీగ చుట్టాలంటే పచ్చదనం పోయి గోధుమ రంగు తిరుగుతున్నప్పుడే. వానాకాలంలో వారం వారం చూడండి, తీగ బెరడులోకి దిగిపోతుంది.

పనిముట్లకి ఎక్కువ పెట్టక్కర్లేదు. మడత రంపం, మంచి ప్రూనింగ్ కత్తెర, తోలు గ్లవ్స్. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి ఒక కాన్‌కేవ్ కట్టర్ (కొమ్మని మొదట్లో గుంట పడేలా కోసే కత్తెర) తెప్పిస్తే మొదటి సీజన్‌లోనే అంచు పెచ్చు లేచిపోయింది, మార్చి ఇవ్వమంటే ఇవ్వలేదు. కళ్ళకి అద్దాలు తప్పనిసరి, ముళ్ళ కొమ్మ లాగినప్పుడు ఎటు కొడుతుందో చెప్పలేం.

పూత విషయంలో దీనికి పెట్టాల్సింది ఆకలి, దాహం, ఎండ. రోజంతా నీడ పడే బాల్కనీ అయితే ఈ మొక్క జోలికి వెళ్ళకండి, ఆరు గంటల ఎండ లేకపోతే ఆకులే. యూరియా లాంటివి వేస్తే ఏపుగా పెరిగి పువ్వు మర్చిపోతుంది. కత్తిరింపు తర్వాత కొమ్మలు సాగేదాకా 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు), తర్వాత మన మిర్చి రైతులు వాడే 13-0-45 (పొటాష్ ఎక్కువున్నది) పలచగా. డిసెంబర్ నుంచి ఆకు కాస్త వాలేదాకా ఆగి అప్పుడు నీళ్ళు పోస్తే, కొసలు తుంచిన నెలన్నరకి చెట్టంతా రంగే. పిండినల్లి వస్తే వేపనూనె, సబ్బునీళ్ళు సరిపోతాయి.

వేసవిలో మాత్రం జాగ్రత్త. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మన డాబా శ్లాబు మీద ఆ వేడి కుండీ అడుగు నుంచి వేళ్ళని ఉడికిస్తుంది. మొక్క ఎండకి తట్టుకుంటుంది, లోతు తక్కువ ట్రేలో ఉన్న వేళ్ళు తట్టుకోవు. కుండీ కింద ఇటుకలు, చుట్టూ తడి గోనె, పొద్దున్నే ఒకసారి, సాయంత్రం శ్లాబు చల్లబడ్డాక ఇంకోసారి నీళ్ళు. ఈ రెండు నెలలు ఊరెళ్ళే పని ఉంటే పక్కింటి పిన్నిగారికో ఎవరికో అప్పజెప్పి వెళ్ళాలి, అందుకే తయారీలో ఉన్న చెట్లని నేను ట్రేల్లో పెట్టను, వెడల్పాటి సిమెంటు తొట్లలోనే ఉంచుతాను. కొమ్మలు అక్కడే తొందరగా లావెక్కుతాయి కూడా.

తొందరగా ఫలితం కావాలనుకునేవాళ్ళకి ఇది సరిపడదు, మోడు నుంచి చూడదగ్గ చెట్టు రావడానికి నాలుగైదేళ్ళు తక్కువ కాదు. రోజూ డాబా ఎక్కే అలవాటున్నవాళ్ళు కళ్ళు మూసుకుని మొదలెట్టండి. కొట్టిన కొమ్మలు పారెయ్యకండి, వానాకాలంలో అయితే బొటనవేలి లావు ముక్కల్ని జానెడు చొప్పున కోసి, తలకిందులు కాకుండా ఇసుకలో గుచ్చి నీడన పెడితే చాలావరకు వేళ్ళు పడతాయి.