పన్నుల చట్టం, వృత్తి నీతి కలిపి చెప్పే ఆన్‌లైన్ కోర్సు: నా రివ్యూ

నేను లా కాలేజీలో పన్నుల చట్టం చెబుతాను. ఇందులోనే పీహెచ్‌డీ చేసి బోధనలో స్థిరపడాలని ఉంది. ఆ ఉద్దేశంతోనే ఒక సీనియర్ ప్రొఫెసర్ మేడమ్ నడిపే ఈ కోర్సులో చేరాను. ఐదుకు నాలుగు ఇస్తాను.

వృత్తి నీతిని మనం విడి పేపర్‌గా చదివి, పరీక్ష అవగానే మరిచిపోతాం. ఇక్కడ అది మొదటి క్లాసు నుంచే పన్నుతో కలిసి నడుస్తుంది. 1935 నాటి వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ కేసే తీసుకోండి. తోటమాలికిచ్చే డబ్బును జీతంగా కాకుండా ఒప్పంద పత్రం కింద చెల్లింపుగా చూపించి డ్యూక్ పన్ను తగ్గించుకున్నాడు. అది చెల్లుతుందని అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. మేడమ్ అక్కడితో ఆపరు. "ఆ పత్రం రాసిచ్చిన లాయరు మీరే అయితే?" అని అడుగుతారు. 1985లో మెక్‌డోవెల్ కేసులో మన సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ చిన్నప్పరెడ్డి, ఇలా పత్రాలతో పన్ను తప్పించుకోవచ్చన్న ఆలోచననే తిప్పికొట్టారు. 2003లో ఆజాదీ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ డ్యూక్ తీర్పు వైపే మొగ్గింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివించడం నాకు చాలా నచ్చింది.

అన్నిటికంటే మంచి క్లాసు క్లయింటు రహస్యాల మీద. రిటర్ను వేశాక, ఆదాయం కొంత దాచానని క్లయింటు చెబితే ఏం చేయాలి? సరిదిద్దుకోమని గట్టిగా చెప్పాలి. వినకపోతే పని వదులుకోవాలి. అంతేగానీ నమ్మి చెప్పిన మాటను అధికారి దగ్గరికి మోసుకెళ్లకూడదు. అయితే మోసానికే సాయం అడిగితే ఆ మాటకు రక్షణ లేదని సాక్ష్య చట్టం చూపించి మరీ వివరించారు.

అధికారుల నీతి గురించీ చెప్పారు. పన్ను కట్టేవారి తెలియనితనాన్ని వాడుకోవద్దని, వాళ్లకు దక్కాల్సిన రాయితీలను అధికారులే చూపాలని 1955లోనే సర్క్యులర్ వచ్చింది. దీన్ని ప్రతి పన్నుల పాఠ్యపుస్తకంలోనూ ముందు పేజీల్లో అచ్చువేయాలని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. అధికారి ఎదురుపడకుండా ఆన్‌లైన్‌లోనే పన్ను లెక్క తేల్చే ఫేస్‌లెస్ అసెస్‌మెంట్‌ను హడావిడిగా ముగించేశారు. ఇప్పుడు వాదన వినిపించుకునే హక్కు గురించి ఎక్కువ ప్రశ్నలు వస్తున్నది అక్కడే కదా! మనం రాసిన వ్యాసాలకు మార్కులు వేస్తారు తప్ప ఎక్కడ తేలిపోయామో చెప్పరు. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది పెద్ద లోటు.

సెక్షన్లు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కాలనుకునేవాళ్లకు ఈ కోర్సు పనికిరాదు. చేరేవాళ్లు మాత్రం తీర్పులు పూర్తిగా చదివి వెళ్లండి. తీర్పు మొదట్లో ఉండే సారాంశం (హెడ్‌నోట్) మాత్రమే చూసుకుని వెళితే చర్చలో నోరు విప్పలేం.