చెవిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్: అమ్మకి పనిచేసింది

మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు వస్తే పడుకున్నా గదంతా గిర్రున తిరుగుతుంది. పైగా వాంతులు, చెవిలో హోరు. ఉప్పు తగ్గించి, బీటాహిస్టిన్ మాత్రలు వాడినా అమ్మకి ఆగలేదు. చివరికి విజయవాడలో ఒక ఈఎన్‌టీ క్లినిక్‌లో ఇంజెక్షన్ చేయించాం.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. చెవిలోకి ఇచ్చే ఇంకో మందు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్. అది లోపలి చెవిలోని బ్యాలెన్స్ కణాలనే దెబ్బతీసి తిరుగుడు ఆపుతుంది, దాంతో వినికిడి కూడా పోవచ్చు. అమ్మకి ఆ చెవి ఇంకా బాగానే వినిపిస్తోంది కాబట్టి ముందు స్టెరాయిడే అన్నారు. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన 60 మంది ట్రయల్‌లోనూ రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి.

కర్ణభేరికి మత్తుమందు పెట్టి, మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్నటి సూదితో మందు వేశారు. అంతకుముందు నర్సమ్మ సిరంజిని అరచేతుల మధ్య పెట్టి వెచ్చబరిచింది. చల్లటి మందు పడితే అక్కడికక్కడే కళ్లు తిరుగుతాయి. తర్వాత అరగంట ఆ చెవి పైకి పెట్టి, మాట్లాడకుండా, గుటక వేయకుండా పడుకోవాలి. మింగితే చెవి నుంచి గొంతుకి ఉండే గొట్టం తెరుచుకుని మందు గొంతులోకి జారిపోతుంది. అమ్మకి అదే కష్టమైంది, సూది కాదు.

ఆ క్లినిక్‌కి లిఫ్ట్ లేకపోవడం మాత్రం అన్యాయం. కళ్లు తిరిగే మనిషి రెండంతస్తులు ఎలా ఎక్కుతుంది? ఇంజెక్షన్ తర్వాత అమ్మకి తిరుగుడు బాగా తగ్గింది, హోరు అలాగే ఉంది. వెళ్లేవాళ్లు తోడు ఒకరిని తప్పకుండా తీసుకెళ్లండి.