బెజవాడలో పిల్లలు, పుస్తకాల సంచి

లండన్‌కీ న్యూయార్క్‌కీ పిల్లల కోసమే రాసిన ఊరి పుస్తకాలు బోలెడున్నాయి. పేజీకో వంతెన, చివర్లో మడత విప్పితే బొమ్మల మ్యాపు. బెజవాడ మీద తెలుగులో అలాంటిది నాకైతే దొరకలేదు. అందుకని సంచిలో మేమే కొన్ని సర్దుకున్నాం: నదుల మీద ఒక బొమ్మల పుస్తకం, జెండా కథ చెప్పే చిన్న పుస్తకం, దశావతారాలు, గీతల్లేని నోటుబుక్కు, రంగు పెన్సిళ్లు. పెద్దది నాలుగో తరగతి, చిన్నాడికి ఇంకా అక్షరాలు కూడబలుక్కునే వయసు. జనవరి మొదట్లో వెళ్లాం. ఎండ బాధ ఉండదు, పుస్తకాల పండగ కూడా అప్పుడే.

తిరిగి చూశాక నాకు అర్థమైంది ఇది. కొన్ని చోట్లకి ముందే చదివి వెళ్లాలి. కొన్నిటికి చూసొచ్చాకే పుస్తకం తెరవాలి. కొన్ని చోట్ల పుస్తకం సంచిలోంచి తీయనే కూడదు.

బందరు రోడ్డులోని బాపు మ్యూజియం మొదటి రకం. పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. చదవకుండా వెళ్తే పిల్లలకి అక్కడ కనిపించేవి రాతి విగ్రహాలు, పాత కత్తులు, అంతే. మేం ముందురోజు రాత్రి జెండా కథ చదివాం. 1921లో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ఈ ఊళ్లోనే జరిగాయి, గాంధీగారు వచ్చారు, మన కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తాను గీసిన జెండాని ఆయన చేతికిచ్చారు. ఇచ్చింది ఈ మ్యూజియం భవనంలోనే అంటారు. అప్పుడు అందులో ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే ఉండేవి. తెలుపు తర్వాత కలిసింది, రాట్నం స్థానంలో చక్రం 1947లో వచ్చింది. ఇదంతా తెలిసి వెళ్లడంతో పెద్దది లోపల గైడ్ పని మొదలుపెట్టింది. పక్క కుటుంబం వాళ్లు కూడా ఆగి విన్నారు. చిన్నాడికి జెండా పట్టలేదు గానీ బాపు పేరు పట్టింది. ఇంట్లో బుడుగు బొమ్మలు చూసి ఉన్నాడు కదా, 'బుడుగు ఎక్కడున్నాడు?' అని ఒక్కో గదిలోకీ తొంగిచూశాడు. సెలవు ఏ రోజో ముందే కనుక్కుని వెళ్లండి.

ప్రకాశం బ్యారేజీ దీనికి సరిగ్గా తలకిందులు. ముందు చూడాలి, తర్వాత చదవాలి.

'అన్నా, బ్యారేజీ మీద కాసేపు ఆపుతారా?' అని ఆటో అతన్ని అడిగాను. 'మీద ఆపనివ్వరమ్మా, పోలీసులు ఊరుకోరు. సీతానగరం వైపు దింపుతా, మెల్లగా నడిచి రండి' అన్నాడు. మంచి సలహా. కిలోమీటరు పైన నడక, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకోవాలి, బళ్లు పక్కనుంచే పోతుంటాయి. అయినా పొద్దున్నే నడిస్తే ఒక పక్క నిండు నీళ్లు, ఇంకో పక్క ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. ఒకే నది రెండు పక్కలా రెండు రకాలుగా ఎందుకుందని పిల్లలే అడుగుతారు. మావాళ్లు గేట్లు లెక్కపెట్టారు, మధ్యలో లెక్క తప్పి పోట్లాడుకున్నారు. మొత్తం 70.

రాత్రి నదుల పుస్తకం తెరిస్తే ఆ ప్రశ్నలన్నీ బయటికొచ్చాయి. పుస్తకంలో కృష్ణకి ఒకటే పేజీ, మిగతాది నేనే చెప్పాల్సొచ్చింది. గుంటూరు సీమలో 1832–33లో డొక్కల కరువు వచ్చింది. పక్కనే నది పారుతున్నా నీళ్లు పొలాలకి ఎక్కవు, ఎందుకంటే నది కింద, పొలం పైన. నదికి అడ్డంగా ఆనకట్ట కడితే నీటి మట్టం లేస్తుంది, అప్పుడు కాలవల్లోకి దానంతటదే పారుతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట చేసింది ఇదే. 1952లో దానికి గండి పడ్డాక ఇప్పటి బ్యారేజీ కట్టారు, 1957లో పూర్తయింది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్యలోంచి పోతాయి కాబట్టి మర్నాడు ఆటోలో ప్రతి వంతెన దగ్గరా 'ఇది ఏ కాలవ?' అన్న పరీక్ష. 2024 సెప్టెంబరు వరద మావాళ్లు టీవీలో చూశారు. 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీళ్లలో పడవలు కొట్టుకొచ్చి ఇక్కడి గేట్లని గుద్దుకున్నాయని చెబితే, పెద్దది నోటుబుక్కులో గేటూ పడవా గీసి రెండిటికీ ఏడుపు మొహాలు పెట్టింది.

చదవడానికి వెలుతురు కావాలిగా. అసలు హోటళ్లని నేను ఈసారి ఆ కొలతతోనే చూశాను. మొదట దిగింది గవర్నర్‌పేటలో. స్టేషనూ బస్టాండూ దగ్గర, టిఫిన్లకి కొదవలేదు, గది శుభ్రంగానే ఉంది. కానీ మంచం దగ్గర దీపం లేదు, ఉన్న ఒక్క లైటూ సీలింగ్‌లో గుడ్డిగా వెలుగుతుంది. టీవీ మాత్రం గోడంత. టేబుల్ లైటు అడిగితే రిసెప్షన్‌లో అబ్బాయి 'ఎవరూ అడగరు మేడమ్' అన్నాడు, రెండోసారి అడిగినా అదే మాట. తర్వాత భవానీపురంలో నది ఒడ్డున టూరిజం వాళ్ల బెర్మ్ పార్కుకి మారాం. ఊరి మధ్యకి ఆటో ఖర్చు పెరుగుతుంది, రాత్రి ఏదైనా తినాలనిపిస్తే నడిచి వెళ్లేంత దగ్గర్లో పెద్దగా ఏం లేవు. కానీ సాయంత్రం నదికి ఎదురుగా కూర్చుని చదువుకోవచ్చు. చిన్న పిల్లలుంటే నా ఓటు దీనికే. ఒక్కరోజు పని మీద వస్తే గవర్నర్‌పేటే నయం.

ఉండవల్లి గుహలకి దశావతారాల పుస్తకం ముందే చదివి వెళ్లాం. కొంతవరకే పనికొచ్చింది. ఇసుకరాతి కొండలో నాలుగు అంతస్తులు తొలిచారు, క్రీ.శ. 4–5 శతాబ్దాల నాటి పని అంటారు. శేషశాయిగా పడుకున్న అనంతపద్మనాభస్వామి ముందు నిలబడితే కథ తెలిసిన పిల్లలకి గుర్తుపట్టే ఆనందం ఉంటుంది. కానీ వాళ్లని ఎక్కువసేపు ఆపింది కథ కాదు, పైన వసారాలో వరసగా కూర్చున్న రాతి మునులు. పై అంతస్తు పూర్తి కాలేదు. 'డబ్బులైపోయాయా?' అన్నాడు చిన్నాడు. ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న! మెట్లు ఎత్తుగా ఉంటాయి, నీళ్లు మీరే తెచ్చుకోండి, పదకొండు లోపు దిగిపోండి.

భవానీ ద్వీపం ఇంకో సంగతి. 133 ఎకరాల లంక, పున్నమి ఘాట్ నుంచి బోటు. అక్కడ పుస్తకం తీస్తే పిల్లలు మిమ్మల్ని క్షమించరు. వరద ఉంటే బోట్లు ఆపేస్తారు, ఆదివారం క్యూ పొడుగు.

కొండపల్లి దాదాపు ఇరవై కిలోమీటర్లు. ఇక్కడా పుస్తకం అక్కర్లేదు, చేతులు చాలు. తెల్లపొణికి కర్రని తేమ పోయేలా వేడి మీద ఆరబెట్టి, భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. బాగా ఓపికున్న ఒక పెద్దాయన మావాడికి రంగు వేయని ఏనుగుని ఇచ్చి చేత్తో పట్టుకుని చూడమన్నారు. ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఊళ్లో దుకాణంలో కొనేకంటే ఇక్కడే కొనండి, తయారీ చూస్తే పిల్లలు బేరమాడనివ్వరు.

ఇక పుస్తకాల పండగ. 1989 నుంచి జరుగుతోంది. చాలా ఏళ్లు స్వరాజ్ మైదానంలో పెట్టేవాళ్లు. ఇప్పుడు అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, పండగ వేదిక మారింది. పిల్లలతో సాయంత్రం వెళ్లొద్దు, తొక్కిసలాటే. స్టాళ్లు తెరిచే వేళకే వెళ్తే అమ్మేవాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం', ప్రజాశక్తి అనే ప్రచురణ సంస్థల స్టాళ్ల దగ్గర పిల్లల పుస్తకాలు చవక, బొమ్మలు బాగుంటాయి. మెరిసే అట్టలతో గుట్టలుగా పోసిన నీతికథల సెట్లు మాత్రం వద్దు. బొమ్మకీ కథకీ పొంతన ఉండదు, అచ్చుతప్పులు కొల్లలు.

పండగ లేని రోజుల్లో వెళ్తే ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటర్ ఉండనే ఉన్నాయి. పాత పుస్తకాల దుకాణాల్లో పిల్లల్ని వదిలేసి పక్కన టీ తాగండి. పాత చందమామలు ఉన్నాయా అని మాత్రం పైకి అడగొద్దు, ధర అమాంతం లేస్తుంది. మామూలు పత్రికల దొంతర తిరగేస్తున్నట్టు వెతకండి. కొన్నవాటికి మధ్య పేజీలు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి, అట్టముక్కలు పైనా కిందా పెట్టి తాడుతో కట్టమంటే కట్టిస్తారు.