భద్రకాళి గుడికి ఒక్కరోజు ప్యాకేజీ: అమ్మవారికి దండం, బండికి మాత్రం రెండు స్టార్లు

ఆషాఢ పౌర్ణమికి వరంగల్ భద్రకాళి అమ్మవారిని కూరగాయలతో శాకంబరిగా అలంకరిస్తారు. అది చూడాలని మా అత్తమ్మ మూడేళ్లుగా అడుగుతోంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్సులు మారే బాధ ఉండదని ఒక ట్రావెల్స్ ప్యాకేజీ బుక్ చేశాను. మనిషికి 1,400 రూపాయలు.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆరింటికల్లా ఉండమన్నారు. బండి వచ్చేసరికి ఏడుంపావు. భువనగిరి దాటాక టిఫిన్‌కని ఆపితే యాభై నిమిషాలు కదల్లేదు. నలభై రూపాయల ఇడ్లీ అక్కడ తొంభై. మేం బిల్లు కడుతుంటే డ్రైవర్ మాత్రం పైసా కట్టకుండా లేచాడు, అప్పుడర్థమైంది సంగతి. పోయిన టైమంతా గుళ్ల దగ్గర కోసేశారు. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయి స్తంభాల గుడిని పావుగంటలో చూసి రావాలట!

భద్రకాళి దగ్గర గంటన్నర ఇచ్చారు. పౌర్ణమి రద్దీలో అది క్యూకే సరిపోయింది. కానీ లోపలికి వెళ్లాక అలసట గుర్తులేదు. కూర్చున్న విగ్రహమే దాదాపు తొమ్మిదడుగులు, ఎనిమిది చేతులు. చుట్టూ బీరకాయలు, దొండకాయల దండలు, మధ్యమధ్య ఎర్రగా టమాటాలు. ఓ పక్క కాకరకాయ ఒకటి దారం జారి అడ్డంగా వేలాడుతోంది. అత్తమ్మ చూపు దాని మీదే. "ఎంత లేతగున్నయే బిడ్డా! మన గల్లీల బండోడు ఎన్నడన్నా గిట్లాంటివి తెచ్చిండా?" అంది, చేతులు జోడించే. ముందున్నావిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

అమ్మవారిది ఒకప్పుడు ఉగ్రరూపమట. 1950లో గుడిని బాగు చేయించినప్పుడు నాలుక మీద బీజాక్షరాలు రాసి శాంతింపజేశారని చెబుతారు. ఇప్పుడు చూస్తే భయం వేయదు, ఇంట్లో పెద్దావిడ ఎదురుగా నిలబడ్డట్టే ఉంటుంది.

నా అసలు బాధ చెరువు గురించి. కాకతీయుల నాటి చెరువు, గుడి పక్కనే. పులిహోర పొట్లం పట్టుకుని కట్ట మీద కాసేపు కూర్చుందామని అత్తమ్మ ఆశ. గట్టు మీద నడిచే దారి, వెనక రాతి గుట్టలు, నీళ్ల మీంచి వచ్చే గాలి. ఇంతదూరం వచ్చింది దానికోసం కూడా కదా! పొట్లం విప్పామో లేదో, డ్రైవర్ నుంచి ఫోన్. రెండు ముద్దలు తిని లేచాం.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ ప్యాకేజీల జోలికి పోకండి. సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగితే గుడికి ఆటోలో వెళ్లొచ్చు. తొందరపెట్టేవాడు ఉండడు. పౌర్ణమి రద్దీ వద్దనుకుంటే మామూలు రోజున వెళ్లండి, చెరువు ఎక్కడికీ పోదు.

తిరుగు దారిలో మళ్లీ అదే హోటల్ ముందు ఆపాడు. అత్తమ్మ బండి దిగలేదు. మిగిలిన పులిహోర సీట్లోనే కూర్చుని తినేసింది.