పొట్టి బెడ్ పికప్‌లో ఏటీవీ, స్నోమొబైలు: బెడ్‌లోనా, డెక్ మీదా, ట్రెయిలర్ మీదా?

అమెరికాలో ఇప్పుడు కుటుంబాలు ఎక్కువగా కొనే పికప్ ట్రక్కులు నాలుగు తలుపులు, వెనుక పొట్టి బెడ్ (సరుకు పెట్టే పైకప్పు లేని తొట్టి) ఉన్నవే. పిల్లల్ని బడికి దింపడానికీ, సరుకులు తేవడానికీ, వారాంతంలో ఉత్తరానికి వెళ్లడానికీ ఒకే బండి సరిపోవాలని అందరూ కోరుకోవడంతో క్యాబిన్ పెరిగింది, బెడ్ తగ్గింది. మినియాపొలిస్ శివార్లలో ఉండే మా స్నేహితుల దగ్గరా ఇవే బళ్లు. చిక్కల్లా కొలతల దగ్గరే వస్తుంది. ఫోర్డ్ ఎఫ్-150 వంటి బండికి ఉండే పొట్టి బెడ్ పొడవు సుమారు 67 అంగుళాలు, అంటే అయిదున్నర అడుగులకు కాస్త ఎక్కువ. పెద్దవాళ్లు నడిపే ఏటీవీ, అంటే మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి, దాదాపు 83 అంగుళాలు ఉంటుంది. మంచు మీద నడిచే స్నోమొబైలైతే 10 అడుగుల మాటే. ఈ తేడాను సర్దుకోవడానికి మూడు దారులున్నాయి: బెడ్ వెనుక తలుపైన టెయిల్‌గేట్ దించి బెడ్‌లోనే ఎక్కించడం, బెడ్ గోడల పైన డెక్ అనే చదునైన పలక బిగించడం, వెనుక ట్రెయిలర్ తగిలించడం. వీటిలో మొదటిదాన్నీ చివరిదాన్నీ నేను స్వయంగా కొన్ని చలికాలాలు వాడాను. డెక్‌ను ఒక స్నేహితుడి బండి మీద చూశాను, ఎక్కించడంలో సాయం కూడా పట్టాను.

ముందుగా ఏటీవీ సంగతి చూద్దాం. వెడల్పులో ఇబ్బంది లేదు. చాలా ఏటీవీలు 48 అంగుళాల లోపు వెడల్పుంటాయి, బెడ్ లోపల రెండు చక్రాల గూళ్ల మధ్య ఖాళీ 50, 51 అంగుళాలు ఉంటుంది కాబట్టి అటూ ఇటూ అంగుళం చొప్పున మిగులుతుంది. పొడవు దగ్గరే లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు 50 అంగుళాలనుకుందాం. 25 అంగుళాల టైరులో సగం పన్నెండున్నర, టైరు కంటే ముందుకు పొడుచుకువచ్చిన బంపరు మూడు నాలుగు అంగుళాలు కలిపితే, వెనుక టైరు నేలకు ఆనే చోటు బెడ్ ముందు గోడ నుంచి 66 అంగుళాల దగ్గరికి వస్తుంది. అంటే అది సరిగ్గా బెడ్ ముగిసి టెయిల్‌గేట్ మొదలయ్యే సందు. నా బండిలో ఏటీవీని మొదటిసారి ఎక్కించి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, టైరు గళ్లలో ఒక వరుస బెడ్ మీద, పక్క వరుస టెయిల్‌గేట్ మీద ఉన్నాయి. బంపరును ముందు గోడకు పూర్తిగా ఆనించి కట్టితే బరువులో పెద్ద వాటా బెడ్ మోస్తుంది. నాలుగు అంగుళాలు వెనక్కి జరిగితే అదంతా టెయిల్‌గేట్‌కు ఇరువైపులా ఉన్న సన్నని ఉక్కు తీగల మీద పడుతుంది. నిలిచి ఉన్నప్పుడు ఆ తీగలు తట్టుకున్నా, గోతిలో చక్రం పడ్డ క్షణంలో వాటి మీది భారం ఎన్నో రెట్లవుతుంది. పైగా మా ప్రాంతంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పుకు తీగల కొసలు లోపల్నుంచే తుప్పు పడతాయి. ఏడాదికోసారైనా వాటిని గుడ్డతో తుడిచి, పురి విడిన పోగులున్నాయేమో చూడాలి.

ఎక్కించేటప్పుడు పొంచి ఉండే ప్రమాదం మరొకటి. ఇప్పటి ట్రక్కుల టెయిల్‌గేట్ నేల నుంచి సుమారు 35 అంగుళాల ఎత్తున ఉంటుంది. 6 అడుగుల ర్యాంపు వేస్తే వాలు 29 డిగ్రీలు, 8 అడుగులది వేస్తే 21 డిగ్రీలు. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా, సీటు మీద కూర్చున్నవాడికి మాత్రం ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయా లేదా అన్నంత పెద్దది. అంతకంటే ముఖ్యం, ర్యాంపును పట్టీలతో ట్రక్కు చట్రానికి కట్టడం. ముందు చక్రాలు టెయిల్‌గేట్ ఎక్కాక వెనుక చక్రాలు తిరుగుతూ ర్యాంపును వెనక్కి తన్నుతాయి. ఒకసారి నేను ఒక పక్క పట్టీ వదులుగా కట్టాను. ర్యాంపు పెదవి టెయిల్‌గేట్ మీద ఆని ఉండేది రెండు అంగుళాలే, అందులో ఒకటిన్నర అంగుళం జారిపోయాక ఆగింది. కింద మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి ఎక్కించే వేళ వెనుక ఎవరినీ నిలబడనివ్వడం లేదు.

ఈ జాగ్రత్తలన్నీ పాటించగలిగితే ఒక్క ఏటీవీకి బెడ్ చాలు, దాని కోసం ట్రెయిలర్ కొనడం దండగ. స్నోమొబైలు విషయంలో మాత్రం నా అభిప్రాయం పూర్తిగా వేరు. 10 అడుగుల బండిలో బెడ్ మోసేది అయిదున్నర అడుగులు, టెయిల్‌గేట్ మరో రెండడుగుల లోపు, తక్కినదంతా గాలిలోనే. ఇంధనంతో కలిపి 500, 600 పౌండ్లు తూగే బండికి వెనుక ట్రాక్ (మంచు మీద దాన్ని నడిపే రబ్బరు పట్టా) టెయిల్‌గేట్ మీదే ఆనుతుంది, దానికీ స్ప్రింగులున్నాయి కాబట్టి ప్రతి కుదుపుకూ అది ఊగుతుంది. వెనుక కెమెరా టెయిల్‌గేట్‌లోనే ఉండటంతో అది నేలను చూపిస్తుంది, క్యాబిన్ పైన ఉండే మూడో బ్రేకు దీపం స్నోమొబైలు చాటున పడుతుంది. చాలా రాష్ట్రాల్లో సరుకు వెనుకకు 4 అడుగులు దాటితే ఎర్రజెండా కట్టాలి, ఈ అమరికలో ఆ హద్దు దాకా వచ్చేస్తాం. మన ఊళ్లలో ఇనుప చువ్వల బండి చివర కట్టే ఎర్రగుడ్డ లాంటిదే అది, దాని వల్ల వెనుకవాడు జాగ్రత్తపడతాడు గానీ మన సరుకు స్థిరపడదు. దగ్గరి సరస్సుకు మంచుదిబ్బ మీదుగా ఎక్కించి పది నిమిషాల్లో చేరేవారున్నారు. మిచిగన్‌లో చలికాలానికి 200 అంగుళాలకు మించి మంచు కురిసే కివినా ద్వీపకల్పం దాకా ఆరేడు గంటలు హైవే మీద ఇలా వెళ్లాలంటే నాకు మనసొప్పదు.

డెక్ అనేది కెనడా పశ్చిమాన, అల్బర్టా, బ్రిటిష్ కొలంబియా కొండల్లో బాగా అలవాటైన పద్ధతి. రెండు స్నోమొబైళ్లు పక్కపక్కన బెడ్ గోడల పైన నిలుస్తాయి, రోడ్డు మీది ఉప్పునీరు వాటిదాకా రాదు, ఇరుకైన అడవి దారిలో బండి తిప్పుకోవడానికి ఇబ్బంది ఉండదు. కొండల్లో తిరిగేవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని ఒప్పుకుంటాను. అయితే లెక్క చూడండి. డెక్ ఒక్కటే సుమారు 400 పౌండ్లు, రెండు స్నోమొబైళ్లు 1,100 పౌండ్లు, ఇద్దరు మనుషులూ సామానూ కలిపి మరో 450 పౌండ్లు. మొత్తం 1,950 పౌండ్లు. డ్రైవరు తలుపు చట్రం మీద అతికించిన చీటీలో, మనుషులూ సరుకూ కలిపి ఎంత బరువు మించకూడదో రాసి ఉంటుంది. పొట్టి బెడ్ ఉన్న మామూలు ట్రక్కుల్లో చాలావాటికి ఆ అంకె 1,400, 1,800ల మధ్యే. కాబట్టి డెక్ పెట్టాలంటే ముందు ఇంకా బలమైన ట్రక్కు కావాలి. పైగా అంత బరువు అంత ఎత్తున ఉంటే అడ్డగాలికి బండి ఊగడం చేతుల్లోనే తెలుస్తుంది.

అదే రెండు స్నోమొబైళ్లను ట్రెయిలర్ మీద పెడితే లెక్క మారిపోతుంది. తెరిచిన అల్యూమినియం ట్రెయిలర్ 500 పౌండ్లనుకున్నా మొత్తం 1,600 పౌండ్లు, కొక్కెం మీద పడేది అందులో 10 నుంచి 15 శాతం, అంటే 160 నుంచి 240 పౌండ్లు మాత్రమే. ట్రక్కు చీటీలోని అంకెకు ఇబ్బంది లేదు, టెయిల్‌గేట్ మూసే ఉంటుంది, బెడ్ అంతా పెట్టెలకూ ఇంధన డబ్బాలకూ ఖాళీగా మిగులుతుంది. ట్రెయిలర్ వేదిక ముందుకో వెనక్కో వాలే రకమైతే ఎక్కించడం పిల్లలాట. సాధారణంగా డెక్ కంటే చవక కూడా.

దీని బాధలు దీనికీ ఉన్నాయి. ట్రక్కు వెనుక చక్రాలు చిమ్మే ఉప్పు బురద సూటిగా స్నోమొబైళ్ల ముందు భాగం మీద పడుతుంది, కాబట్టి ముందువైపు అడ్డు రేకు పెట్టించుకుని ఇల్లు చేరిన రోజే కడగాలి. చిన్న చక్రాలు ఎక్కువ చుట్లు తిరుగుతాయి గనుక బేరింగుల్లో గ్రీజు ఏటేటా చూసుకోవాలి. శివార్లలోని చాలా కాలనీల్లో ఇంటి ముందు ట్రెయిలర్ నిలపనివ్వరు, బయట చోటుకు నెలనెలా అద్దె కట్టాల్సి రావచ్చు. అయినా స్నోమొబైలు ఒకటి ఉన్నా, రెండున్నా పొట్టి బెడ్ వాళ్లకు నేను ట్రెయిలరే మేలంటాను. ఏటీవీ ఒక్కటే ఉన్నవారు ముందు టేపు తీసుకుని, తమ ఏటీవీ బంపరు కొస నుంచి వెనుక ఇరుసు దాకా కొలిచి చూడాలి. అది తమ బెడ్ పొడవు కంటే అంగుళమైనా తక్కువ ఉంటే నిశ్చింతగా బెడ్‌లో ఎక్కించుకోవచ్చు. బయలుదేరిన పది మైళ్ల తరువాత ఒకసారి ఆగి నాలుగు పట్టీలూ మళ్లీ బిగించాలి, ఏటీవీ స్ప్రింగులు ఆ లోపే కాస్త కుంగి పట్టీలు వదులవుతాయి.