ఆరు పెన్సిల్ సెల్లులు, 186 కొబ్బరిచెట్లు: బ్యాటరీ గ్రిప్‌తో ఎనిమిదేళ్లు

మా మేనల్లుడు కొత్త కెమెరా కొన్నాడు. వారం తిరక్కుండానే ఫోను, బ్యాటరీ గ్రిప్ గురించి. అంటే కెమెరా అడుగున తగిలించుకుని ఇంకో బ్యాటరీ పెట్టుకునే పిడి. "మామయ్యా, బ్యాటరీ గ్రిప్ కూడా తీసుకోమంటారా? మీరు ఇన్నేళ్లుగా వాడుతున్నారు కదా." అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పేస్తే పోయేది. కానీ నోటికి ఏ మాటా రాలేదు. ఆ గ్రిప్ మీద నాకున్న అభిమానం మామూలుది కాదు. అయితే ఆ అభిమానానికి కారణం, ఎవరైనా గ్రిప్ కొనడానికి చెప్పే కారణాల్లో ఒక్కటీ కాదు.

నాది శ్రీకాకుళం జిల్లా, పలాస పక్కనున్న కాశీబుగ్గలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, బారసాలలు, పాస్‌పోర్టు ఫోటోలు. నికాన్ డీ7200 మీద పని చేస్తాను. 2017 మొదట్లో దానికి గ్రిప్ తగిలించాను. అసలు కంపెనీది అడిగితే, ధర విని లేచి వచ్చేశాను. బయటి కంపెనీ తయారు చేసినది మూడు వేల లోపు దొరికింది. పేరు చెప్పను, ఎందుకంటే ముందు ముందు దాన్ని తిట్టేది ఉంది.

కొన్నది రెండో బ్యాటరీ కోసం. ఆ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను: రెండో బ్యాటరీ కోసమే అయితే గ్రిప్ అక్కర్లేదు. డీ7200 బ్యాటరీ ఒక్కటే పగటి పెళ్లి మొత్తం లాగేస్తుంది. ఇంకొకటి చొక్కా జేబులో ఉంటే రాత్రి ముహూర్తం కూడా గట్టెక్కుతుంది. మార్చడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషంలో పురోహితుడు తాళి కట్టించేస్తాడని భయపడేవాళ్లు ఉంటారు. నేనూ ఆ బాపతే. కానీ ఇన్నేళ్లలో అలా ఒక్కసారీ జరగలేదు. గ్రిప్ పెడితే ఫోటోల వేగం పెరుగుతుందని ఎవరైనా అంటే, అన్ని కెమెరాలకూ అని నమ్మకండి. నా కెమెరాలో ఒక్క ఫ్రేము కూడా పెరగలేదు.

నిలువు షట్టర్ బటన్ మాట వేరు. కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకున్నప్పుడు నొక్కడానికి గ్రిప్ మీద ఉండే రెండో బటన్ అది. పెళ్లి ఆల్బమ్‌లో సగం నిలువు బొమ్మలే. కుడి మోచెయ్యి గాల్లోకి లేపి, మణికట్టు మెలితిప్పి రోజంతా తీసినవాడికే ఆ బటన్ విలువ తెలుస్తుంది. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు ఇంకా బాగా తెలిసింది. దసరా వెళ్లిన మంగళవారం, మూడు లాంతర్ల దగ్గర జనంలో భుజానికి భుజం ఆనించుకుని నిలబడితే, మోచెయ్యి లేపడానికి చోటెక్కడ? లేపితే పక్కవాడి ముక్కుకే తగులుతుంది. సిరిమానంటే బండి మీద లేపి కట్టిన పొడుగాటి మాను, అది నిలువు ఫ్రేములో తప్ప పట్టదు. చివరన కూర్చున్న పూజారి, కింద బండి, రెండూ రావాలి. గ్రిప్ ఉండబట్టి మోచేతులు డొక్కకు అదిమిపెట్టి తీశాను. గుడి నుంచి కోటదాకా సిరిమాను మూడుసార్లు వెళ్లివస్తుంది కాబట్టి మొదటిసారి తప్పినవి రెండోసారి దొరికాయి.

అయినా నా అభిమానం ఆ బటన్ మీద కూడా కాదు. డబ్బాలో గ్రిప్‌తో పాటు ఒక నల్లటి ప్లాస్టిక్ ట్రే వచ్చింది. బ్యాటరీ బదులు ఆరు పెన్సిల్ సెల్లులు (ఏఏ సైజువి) పెట్టుకునేది. కొన్న రోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కెమెరాకు గోడ గడియారం సెల్లులు ఎవడు వేస్తాడు" అనుకుని సొరుగులో పడేశాను. ఏడాదిన్నర పైగా అది అక్కడే ఉంది.

2018 అక్టోబరు 10న నవరాత్రులు మొదలయ్యాయి. ఆ సాయంత్రం అమ్మవారి మండపంలో కలశస్థాపన ఫోటోలు తీసి, వానలో తడుస్తూ ఇంటికి వచ్చాను. అంతకు ముందు రెండు రోజులు ఒక నిశ్చితార్థం పని. రెండు బ్యాటరీలూ అడుగంటాయి. పొద్దున ఛార్జింగు పెట్టుకుందాంలే అని పడుకున్నాను. ఆ తెల్లవారుజామునే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. రాత్రి ఏ వేళ కరెంటు పోయిందో తెలియదు. తెల్లారి తలుపు తీస్తే ఎదురింటి రేకులు మా వాకిట్లో ఉన్నాయి. కరెంటు స్తంభాలు వరసగా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. ఇన్వర్టర్ ఆ మధ్యాహ్నానికే చేతులెత్తేసింది. మా వీధికి కరెంటు తిరిగి వచ్చేసరికి పదకొండు రోజులు.

మూడో రోజు వజ్రపుకొత్తూరు మండలం నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. సగం దారి బండి మీద, సగం దారి బండిని తోసుకుంటూ. తోట మొత్తం పడిపోయిందట. నష్టం రాసుకోవడానికి అధికారులు ఎప్పుడు వస్తారో తెలియదు, అంతవరకు పడిన చెట్లను అలాగే ఉంచితే దారి లేదు, తీసేస్తే సాక్ష్యం లేదు. "తమ్ముడూ, ఒక్కొక్క చెట్టూ ఫోటో తియ్యాలి. నువ్వు రావాలి" అన్నాడు. ఆయన ఫోను చచ్చిపోయి రెండు రోజులైంది.

అప్పుడు చూసుకున్నాను నా బ్యాటరీలు. బజారులో ఒకాయన జనరేటర్ పెట్టి ఫోన్లకు ఛార్జింగు ఇస్తున్నాడు. పొడుగాటి వరస. మనిషికి అరగంట. అరగంటలో ఫోను లేచి నిలబడుతుంది. నా కెమెరా బ్యాటరీకి రెండున్నర గంటల పైన కావాలి. ఛార్జరు చూపించి బతిమాలాను. "ఇంకొకరి చోటు ఎలా ఇస్తాను బాబూ, చంటిపిల్లల ఇళ్లవాళ్లు నిలబడి ఉన్నారు" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

ఇంటికి వచ్చి, కొవ్వొత్తి కోసం సొరుగు లాగితే ఆ ట్రే కనిపించింది.

కిరాణా కొట్టులో ఆరు సెల్లులు కొన్నాను, గడియారాలకు వేసే చవకవి. ట్రేలో పేర్చి, గ్రిప్‌లోకి తోసి, స్విచ్చి వేస్తే తెర వెలిగింది! షట్టర్ నొక్కాను. కెమెరా లోపలి అద్దం టక్కుమని పైకి లేచి, మరి దిగలేదు. తెర చీకటి. సెల్లు గుర్తు మాత్రం మినుకుమినుకుమంటోంది. గడియారం ముల్లును కదిపే సెల్లు కెమెరా అద్దాన్ని లేపలేదన్న సంగతి అరవై రూపాయలు పోశాక తెలిసింది. ఆల్కలైన్ సెల్లులు కావాలి. అవి ఏ కొట్టులోనూ లేవు, టార్చిలైట్ల కోసం జనం ఎత్తుకుపోయారు. చివరికి మెడికల్ షాపులో దొరికాయి. ఆ సంగతి తట్టింది మా అన్నయ్యకే. "మా అమ్మ బీపీ మిషనుకు ఇలాంటివే వేస్తాం" అన్నాడు. షాపాయన కొవ్వొత్తి వెలుగులో పన్నెండు లెక్కపెట్టి ఇచ్చాడు. "ఇంతమందికి బీపీ ఉందా మీ ఇంట్లో?" అని కూడా అడిగాడు.

తోటకు వెళ్లేసరికి మధ్యాహ్నం. ఉద్దానం కొబ్బరితోటలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, నట్టనడి వేసవిలో కూడా అక్కడ ఎండ నేలను తాకదు. ఆ రోజు తలెత్తితే అంతా ఆకాశమే. చెట్లన్నీ దువ్వినట్టు ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. వేళ్లు బయటికి వచ్చి, వాటికి మట్టి ముద్దలు వేలాడుతున్నాయి. వదిన ముందురోజే సున్నం నీళ్లలో చీపురు పుల్లల కట్ట ముంచి, ఒక్కొక్క మానుకూ అంకె వేసి పెట్టింది. కొన్నిచోట్ల సున్నం కారి 6కూ 8కీ తేడా తెలియడం లేదు. మొత్తం 186.

నిలువు బటన్‌కు ఆ రోజు పని పడలేదు. అక్కడ నిలబడి ఉన్నది ఏదీ లేదు.

చెట్టుకు రెండు ఫోటోలు: అంకె కనపడేట్టు దగ్గర నుంచి ఒకటి, వేరు నుంచి మొవ్వు దాకా దూరం నుంచి ఒకటి. తీసిన బొమ్మ తెర మీద చూసుకోవడం ఆపేశాను. కస్టమ్ సెట్టింగ్స్ మెనూలో సెల్లుల రకం ఆల్కలైన్ అని మార్చాను. ఇది మరిచిపోతే మిగిలిన ఛార్జి లెక్క తప్పు చూపిస్తుంది. మొదటి ఆరు సెల్లులు 104వ చెట్టు దగ్గర ఆగాయి. రెండో ఆరు 186 దాటించాయి. హమ్మయ్య అనుకునేలోపు పక్క తోట ముసలాయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జీడిచెట్లు, మధ్యకు చీలిపోయినవి. కాదని ఎలా అనగలను?

అప్పటికి సెల్లు గుర్తు మళ్లీ మినుకుతోంది. ముసలాయనే ఉపాయం చెప్పాడు. "రేడియో సెల్లు ఎండలో పెడితే పాట వస్తుంది బాబూ, పెట్టు." చిన్నప్పుడు మా తాతగారు చేసేవారు. పన్నెండు సెల్లులూ చెట్టు మాను మీద వరసగా పరిచాం. ఎండ మహిమో, విశ్రాంతి మహిమో గానీ (విశ్రాంతిదే అని నా అనుమానం, వాడకం ఆపితే ఈ సెల్లులు కాస్త తేరుకుంటాయి), అరగంట తర్వాత ఇంకో ముప్పై ఫోటోలు వచ్చాయి. ఆయన జీడిచెట్లకు అవి సరిపోయాయి.

ఇదీ నా అభిమానం కథ. ఆ తర్వాత రెండేళ్లు, గ్రిప్ గురించి ఎవరు అడిగినా కళ్లు మూసుకుని కొనమనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట కొంచెం సర్దుకోవాలి.

మొదటిది, ఆ ట్రేలోనే ఆల్కలైన్ సెల్లులు మరిచిపోయి ఆరు నెలలు వదిలేశాను. కారిపోయాయి. స్ప్రింగుల మీద తెల్లగా, పచ్చగా పొక్కు కట్టింది. నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి బాగుచేశాను గానీ ఒక స్ప్రింగు ఇప్పటికీ మొరాయిస్తుంది, చిన్న అట్టముక్క మడిచి ఎగదోయాలి. అప్పటి నుంచి రీఛార్జి చేసుకునే నికెల్ సెల్లులు కొన్నాను. ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఆరింటికి 7.2. కెమెరా సొంత బ్యాటరీ 7 వోల్టులది కాబట్టి ఇవి దానికి బాగా కుదురుతాయి, ఆల్కలైన్ కంటే ఎక్కువ సేపు వస్తాయి. కానీ వాటిని ఛార్జి చేయడానికి మళ్లీ కరెంటే కావాలి. తుపాను కబురు వినగానే ముందుగా నింపి పెట్టుకోవాలి. అంత ముందుచూపు ఉన్నవాడు మామూలు బ్యాటరీలే నింపి పెట్టుకోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రెండోది తిట్టు. గ్రిప్ మొత్తం కెమెరా అడుగున ఉన్న స్టాండు మర మీద వేలాడుతుంది. బిగించడానికి ఒక చక్రం. నా గ్రిప్ చక్రం గంటకోసారి వదులవుతుంది. వదులైతే లోపలి తీగల స్పర్శ తప్పి, కెమెరా గ్రిప్‌ను మరిచిపోతుంది. ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి నిలువు బటన్ పలకలేదు. అడ్డ బటన్‌తో తీసి పరువు నిలుపుకున్నాను. అప్పటి నుంచి బొటనవేలితో ఆ చక్రాన్ని తడుముకోవడం నాకు చొక్కా గుండీ చూసుకున్నంత అలవాటైంది. ఇంకొకటి, ఆ బటన్ తాళం వేయకుండా కెమెరా మెడలో వేసుకుంటే పొట్టకు తగిలి అదే తీసేస్తూ ఉంటుంది. తేలినీలాపురంలో పక్షులను చూసి వచ్చి కార్డు తెరిస్తే గూడబాతులు నలభై, నా చెప్పులు నూటపది.

బరువు సంగతి కూడా. తేలినీలాపురంలో పెద్ద లెన్సు ముందుకు తూగకుండా గ్రిప్ సమానం చేస్తుందని మెచ్చుకున్నవాణ్ణే. నలభై ఎనిమిదో ఏడు వచ్చాక రాత్రి ముహూర్తాలకు దాన్ని విప్పి సంచిలో పెడుతున్నాను.

ఇక మేనల్లుడి ప్రశ్న. అతను కొన్నది మిర్రర్‌లెస్, అంటే లోపల లేచే అద్దం లేని కెమెరా. నేను చూసినంతలో ఆ కెమెరాల కొత్త గ్రిప్‌లకు పెన్సిల్ సెల్లుల ట్రే రావడం లేదు. పైగా అతని కెమెరా బ్యాటరీని ఫోనులాగే పవర్ బ్యాంకు తీగతో నింపుకోవచ్చు. నా డీ7200కు ఆ సౌకర్యం లేదు. నాకు గ్రిప్ దేనికి పనికొచ్చిందో, అతనికి రెండు మంచి పవర్ బ్యాంకులు దానికి పనికొస్తాయి. పెళ్లిళ్లు ఒప్పుకుంటే మాత్రం, నిలువు బటన్ ఉన్నదేనని డబ్బా తెరిచి చూసుకుని తీసుకోవచ్చు. బటన్లు లేకుండా బ్యాటరీ డబ్బాలా ఉండేవి కూడా అమ్ముతున్నారు. పెళ్లిళ్లు ఒప్పుకోనంటే ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ, మంచి సంచి.

నాలా పాత డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న కెమెరా) ఉండి, సముద్రం పక్కన ఇల్లు ఉన్నవాళ్లు పాత గ్రిప్ ఎక్కడైనా చవకగా దొరికితే తీసుకోండి. తీసుకునే ముందు ట్రే ఉందా అని అడగండి. అమ్మేవాళ్లు గ్రిప్ ఇస్తారు, ట్రే వాళ్ల సొరుగులోనే ఉండిపోతుంది. ఉంటే స్ప్రింగులు చూడండి, ఆరు సెల్లులు వేసి పది ఫోటోలు తీసి చూడండి. గడియారం సెల్లులతో కాదు.