ఓడ దిగాక పనిచేయని కార్డు

రేవు దగ్గరి హోటల్లో రెండు రాత్రులు, విహార ఓడలో ఏడు, దిగాక మరో హోటల్లో ఇంకో రెండు. నేనూ మా ఆవిడా, అక్కా బావా. సముద్రం బాగుంది, క్యాబిన్ బాగుంది, బాల్కనీ కోసం అదనంగా పెట్టిన డబ్బు దండగ కాలేదు. అవన్నీ ఎవరైనా రాస్తారు. నేను చెప్పదలచుకున్నది నా డెబిట్ కార్డు కథ. దాన్ని మూడు చోట్ల ఇచ్చాను. మొదటి రెండు చోట్ల బిల్లు కాకముందే డబ్బు పట్టి ఉంచారు, మూడో చోట కార్డే పనిచేయలేదు. ఎంత పట్టి ఉంచుతారో ముందే చెప్పారు. ఎప్పుడు వదులుతారో మాత్రం ఎవరూ నోటితో చెప్పలేదు.

లెక్కలన్నీ డాలర్లలో చెబుతాను, మా ఓడలో నడిచింది అవే. యూరప్ చుట్టుపక్కల తిరిగే ఓడల్లో చాలావాటికి యూరోలు. బయల్దేరే నాటికి నా ఖాతాలో 2000 డాలర్లకు సరిపడా సొమ్ముంది.

మొదటి హోటల్ గది అద్దె నెల క్రితమే కట్టేశాను. అయినా రిసెప్షన్‌లో కార్డు అడిగారు. గదిలో ఏదైనా వాడుకుంటే, ఏదైనా విరిగితే అన్నట్టు 200 హోల్డ్ పెట్టారు, అంటే అంత డబ్బు నేను వాడుకోకుండా ఖాతాలోనే పట్టి ఉంచారు. నాకు ఫోన్లో వచ్చిన మెసేజ్ చూస్తే ఖర్చయినట్టే ఉంది, హోల్డ్ అన్న మాటే లేదు. ఖాళీ చేసేటప్పుడు కౌంటర్లో అబ్బాయి నవ్వుతూ, మీరు కట్టాల్సింది ఏమీ లేదు, హోల్డ్ తీసేశామన్నాడు. తీసేసే ఉంటాడు. హోటల్ తీసేసినంత మాత్రాన బ్యాంకు వెంటనే తీసేయదని నాకప్పుడు తెలియదు. ఆ 200 సంగతి మరిచిపోయి ఓడెక్కాను.

ఓడలో ఏదైనా కొనాలంటే నోట్లు చెల్లవు. ఎక్కేటప్పుడు ఇచ్చే కార్డే గది తాళం, అదే పర్సు. ఒక్కో కంపెనీ దానికో పేరు పెట్టుకుంది. కార్నివాల్ ఓడల్లో సెయిల్ అండ్ సైన్, రాయల్ కరీబియన్‌లో సీపాస్. ప్రిన్సెస్ వాళ్ళు 2017 నుంచి మెడలోనో చేతికో తగిలించుకునే మెడాలియన్ అనే బిళ్ళ ఇస్తున్నారు. పేరేదైనా పని ఒకటే. దాన్ని చూపించి ఏది కొన్నా మన పద్దులోకి వెళుతుంది, ఆ పద్దు వెనకాల మనమిచ్చిన అసలు కార్డు ఉంటుంది. ఆ అసలు కార్డు ఏది ఇవ్వాలన్న దగ్గరే బావకీ నాకూ తేడా వచ్చింది. ఆయన క్రెడిట్ కార్డు నంబరు కొట్టాడు. నేను డెబిట్.

"అప్పు చేసి షికారెందుకు బావా, ఉన్నదాంట్లో ఖర్చు పెట్టుకుంటాను" అన్నాను, కాస్త గొప్పగానే.

"అప్పు మాట తర్వాత. నీ ఖాతా తాళం చెవి తీసుకెళ్ళి ఓడ వాడి చేతిలో పెడుతున్నావోయ్" అన్నాడు.

నేను వినలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఈ హోల్డ్ ఎలా నడుస్తుందో చెప్పాలి. దుకాణంలో వస్తువు కొంటే దాని ధర అప్పటికప్పుడే తెలుసు. ఓడలో వారం చివర్లో బిల్లెంతవుతుందో ఎక్కిన రోజు ఎవరికీ తెలియదు. అందుకే హోటళ్ళకి, అద్దె కార్లకి, ఓడలకి వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కులు ప్రత్యేక వెసులుబాటు ఇచ్చాయి. ముందు ఒక అంచనా మొత్తం పట్టి ఉంచుకోవచ్చు, ఖర్చు పెరిగేకొద్దీ దాన్ని పెంచుకుంటూ పోవచ్చు, ఆ పట్టు నెల దాకా నిలబడవచ్చు. బ్యాంకుల లెక్కలో ఓడ కంపెనీల వ్యాపారానికి 4411 అని విడిగా కోడే ఉంది. కాబట్టి ఇదంతా ఓడ వాళ్ళ మోసమేమీ కాదు, రూలే. కాకపోతే రూలు క్రెడిట్ కార్డుకీ డెబిట్ కార్డుకీ ఒకటే అయినా దెబ్బ ఒకటి కాదు. క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పడితే లిమిట్ తగ్గుతుంది, అంటే బ్యాంకు ఇస్తానన్న అప్పులో కొంత పక్కన పెడతారు. డెబిట్ కార్డు మీద పడితే మన సొంత డబ్బుకి తాళం పడుతుంది.

నాకూ మా ఆవిడకీ కలిపి ఎక్కిన రోజే నా కార్డు మీద 300 హోల్డ్ పడింది. మొదటి రెండ్రోజులు ఆ 300 లోపలే సరిపోయాయి. మేమేమీ కొనకపోయినా మనిషికింత చొప్పున టిప్పులు రోజూ పద్దులో చేరుతూనే ఉంటాయి, ఇది చాలామంది లెక్కలో వేసుకోరు. మూడో రోజు దాటాక తెల్లవారుజామున ఫోన్ టింగుమనడం మొదలైంది. వైఫై ప్యాకేజీ కొన్నందుకు దొరికిన మొదటి ప్రతిఫలం బ్యాంకు మెసేజీలు. పగలంతా జరిగిన ఖర్చుని రాత్రి ఒకసారి పోగేసి ఒడ్డుకి పంపుతారట. నడిసంద్రంలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న రోజుల నుంచీ వస్తున్న అలవాటేమో. రాయల్ కరీబియన్ లాంటి కంపెనీలు 2022 నుంచి స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టుకుంటున్నా, మా ఓడలో మాత్రం తెల్లారేసరికి ముందురోజు ఖర్చంతా ఒకే ముద్దగా వచ్చి పడేది.

నాలుగో రోజు పద్దు తెరిచి చూస్తే 40 డాలర్ల ఫోటో ఒకటి ఉంది. మేం ఫోటోలేవీ కొనలేదు. ఐదో డెక్ (ఓడలో అంతస్తు) మీది గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్ళాం. ఈ ఓడలో నాకు నిజంగా నచ్చిన సర్వీసు అదే. అక్కడి అమ్మాయి గది నంబరు అడిగి, ఫోటో తెరిచి, అందులో ఉన్న తెలియని కుటుంబాన్ని మాకు చూపించి తనే నవ్వేసి, రెండు నిమిషాల్లో పద్దులోంచి తీసేసింది. నేను సంతోషంగా వచ్చేశాను. పద్దులో తగ్గింది గానీ బ్యాంకు హోల్డులో ఆ 40 అలాగే ఉండిపోయింది. అడిగుంటే ఆ అమ్మాయే చెప్పేదేమో, నాకు తట్టలేదు.

అదే కౌంటర్లో మా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. కార్డు గొడవే లేకుండా ఎక్కిన రోజే రొక్కం డిపాజిట్ కట్టిందట. అది కాస్తా అయిపోయేసరికి కొనబోయిన చోట ఓడ కార్డు పనిచేయలేదు. కవర్లోంచి నోట్లు ఒక్కొక్కటే తీసి, కౌంటర్ మీద మడతలు సాఫు చేసి, లెక్కపెట్టి ఇచ్చింది. వెనక క్యూ పెరుగుతున్నా ఆవిడకి తొందర లేదు. అప్పుడు జాలేసింది. వారం తిరిగేసరికి ఆవిడే తెలివైనదనిపించింది. మిగిలిన డబ్బు ఆఖరి రాత్రి చేతికే ఇచ్చేస్తారు, దిగేటప్పటికి ఎవరి దగ్గరా చిక్కుకున్నది ఏమీ ఉండదు. ఆ ఆఖరి రాత్రి క్యూ మాత్రం డెక్ సగం దాకా ఉంటుంది, అదొక్కటే బాధ.

ఆఖరి ఉదయం పద్దు చూసుకున్నాం. మొత్తం 640. ఒక్క తప్పు లేదు. ఓడ ఖర్చుల విషయంలో ఆ కంపెనీకి నేను మంచి మార్కులే వేస్తాను. దాపరికం లేదు, గంట గంటకీ యాప్‌లో కనిపిస్తూనే ఉంది. అడిగితే గది తాళం కార్డుల్లో ఎవరిది ఎంతవరకు వాడుకోవచ్చో హద్దు కూడా పెడతారు, పిల్లలున్న వాళ్ళకి పనికొస్తుంది. క్యాసినోలో ఓడ కార్డు మీద డబ్బు తీసుకుంటే మాత్రం దానికి విడిగా రుసుము పడుతుంది. మాకు ఆ అవసరం రాలేదు, బావకి కాస్త ఆశ ఉన్నా అక్క చూపు చాలింది.

ఇక రెండో హోటల్. ఇక్కడ గది అద్దె 400 అక్కడే కట్టాలి, పైన 150 హోల్డ్. మొత్తం 550. నా ధైర్యమేమిటంటే, 2000లో ఓడకి 640 పోతే 1360 ఉండాలి కదా. కార్డు పెట్టాను. మిషన్ కాసేపు ఆలోచించి కాదంది. రెండోసారీ అదే. రిసెప్షన్ ఆవిడ గొంతు తగ్గించి, ఇంకో కార్డు ఉందా అని అడిగింది. ఆ గొంతు తగ్గించడమే ఎక్కువ గుచ్చుకుంది.

"ఏమండీ, డబ్బులు ఉన్నట్టా లేనట్టా?" అంది మా ఆవిడ.

ఫోన్లో చూస్తే వాడుకోదగ్గది 480 ఉంది. లెక్క ఇలా తేలింది. మొదటి హోటల్ 200 ఇంకా వదల్లేదు. ఓడ విడతలు విడతలుగా పట్టిన హోల్డులన్నీ కలిపి, మనది కాని ఫోటోతో సహా, 680. అవీ వదల్లేదు. వాటి మీద అసలు బిల్లు 640 ఆ ఉదయమే ఒకే మొత్తంగా కోత పడింది. విడతల మొత్తాలు వేరు, బిల్లు మొత్తం వేరు కావడంతో రెండూ ఒకటేనని బ్యాంకు కంప్యూటర్ పోల్చుకోలేదు. ఒకే ఖర్చుకి నా డబ్బు రెండుసార్లు లోపలికి పోయింది. 70 డాలర్లు తక్కువై, బ్యాగుల మధ్య నిలబడిపోయాను.

బావ మాట్లాడకుండా తన క్రెడిట్ కార్డు ఇచ్చాడు. ఆయన మీదా హోల్డులు అన్నే పడ్డాయి, లిమిట్‌లో అవి ఏ మూలకో పోయాయి. అలాగని క్రెడిట్ కార్డుతో అసలు గొడవే ఉండదని కాదు. లిమిట్ అంచుదాకా వాడేసిన కార్డు తెచ్చుకుంటే దానికీ ఇదే గతి.

గదిలోకి వెళ్ళాక బ్యాంకుకి ఫోన్ చేశాను. ఓడ వాళ్ళు వదిలినట్టు మాకు సందేశం రాలేదన్నారు. ఓడ కంపెనీకి రాస్తే, మేం దిగిన రోజే వదిలేశాం, మీ బ్యాంకుని అడగండని జవాబు. అటూ ఇటూ తిరిగాక బ్యాంకులో ఒకాయన అసలు సంగతి చెప్పాడు. ప్రతి హోల్డుకీ ఒక ఆథరైజేషన్ కోడ్, అంటే దాని అనుమతి నంబరు ఉంటుంది, ఓడ వాళ్ళు ఆ కోడ్ రాసి వదిలేస్తున్నామని లెటర్ ఇస్తే గడువు తీరకముందే విప్పొచ్చన్నాడు. అది గెస్ట్ సర్వీసెస్‌లో దిగేముందే అడగాల్సింది. దిగాక ఈమెయిళ్ళతో అది తేలేలోపు హోల్డులు వాటంతటవే రాలిపోయాయి. హోటల్ 200 మూడో రోజు వచ్చింది, ఓడ విడతలు కొన్ని ఐదో రోజు, ఎక్కిన రోజు పట్టిన 300 అన్నిటికన్నా ఆఖరున, తొమ్మిదో రోజు.

మూడింటినీ పోలిస్తే, మొదటి హోటల్ మీద నాకు కోపమే. ఖాళీ చేసేటప్పుడు, వదిలాం గానీ బ్యాంకుకి రోజులు పట్టొచ్చని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఓడ అన్నీ చెప్పింది, యాప్‌లో నిబంధనల కింద, నేను చదవని చోట. రెండో హోటల్ ఆవిడ తప్పేమీ లేదు.

ఇంకోసారి వెళితే క్రెడిట్ కార్డే పెడతాను, అదీ మిగతా ఖర్చులకి వాడేది కాకుండా వేరేది. క్రెడిట్ కార్డు లేనివాళ్ళు ఆ పెద్దావిడ దారిలో రొక్కం కట్టడం మేలు, లేదా ఓడ కోసమే విడిగా ఒక ఖాతా తెరిచి అనుకున్న ఖర్చుకి రెట్టింపు అందులో వేసుకోవాలి. ప్రీపెయిడ్ కార్డులు మాత్రం వద్దు, చాలా ఓడలు వాటిని పద్దుకి ఒప్పుకోవు. మరో చిన్న సంగతి. కొన్ని ఓడల్లో బిల్లు మీ సొంత కరెన్సీలో కోయమంటారా అని అడుగుతారు. అది సాయంలా కనిపిస్తుంది గానీ మారకం రేటు వాళ్ళు పెట్టిందే. ఓడ కరెన్సీలోనే కోయమనాలి.

తొమ్మిదో రోజున 300 కనిపించగానే బావకి ఇవ్వాల్సిన 400 పంపించేశాను. హోటల్ పెట్టిన 150 హోల్డ్ ఆయన కార్డు మీద అప్పటికింకా ఉందట. ఆయనకి నేను అడిగేదాకా తెలియదు.